లైన్లో ముందాయన

అందరూ ఆయన్ని ముందాయన అనే పిలుస్తారు. అసలు పేరు ఇంటివాళ్ళకూ, కరెంటు బిల్లు వేసేవాళ్ళకూ తప్ప మిగతా లోకానికి అక్కర్లేకుండా పోయింది. ఆ పిలుపు ఊరికే రాలేదు. పెద్ద సభాభవనం గేటు ముందు ఎప్పుడు లైను కట్టినా అందులో మొట్టమొదటి మనిషి ఆయనే. వెనక ఎంతమంది ఉన్నా, వాన కురిసినా, ఎండ మాడు పగలగొట్టినా ముందు మాత్రం ఆయన. అదే ఆయన ఉద్యోగం.

ఇలాంటి ఉద్యోగం కూడా ఉంటుందా అని మీకు అనుమానం రావచ్చు. ఉంటుంది. ఆ భవనంలో కమిటీలు కూర్చుంటాయి. ఏ మందు ఎంతకు అమ్మాలి, ఏ ఫ్యాక్టరీ ఎక్కడ పెట్టుకోవాలి అని నియమాలు రాసేముందు జనాన్ని పిలిచి అభిప్రాయం అడుగుతాయి. ఎవరైనా రావచ్చు, ఎవరైనా మాట్లాడవచ్చు అని గేటు పక్కన బోర్డు కూడా ఉంది. కాకపోతే హాల్లో కుర్చీలు తక్కువ. ముందొచ్చినవాళ్ళకే కుర్చీ, కుర్చీ దొరికినవాళ్ళకే మైకు. ఆ మైకు ఎవరికి కావాలో వాళ్ళు తెల్లారకముందే లేచి గేటు దగ్గర పడిగాపులు పడే రకం కాదు, తీరిగ్గా కారు దిగే రకం. అందుకని వాళ్ళ బదులు ముందాయనలాంటివాళ్ళు నిలబడతారు. తలుపు తెరిచే వేళకు కారు దిగినాయన కుడివైపు నుంచి లైన్లోకి జరుగుతాడు, అప్పటిదాకా నిలబడ్డవాడు ఎడమవైపుకు తప్పుకుంటాడు. మనిషికి మనిషి. లైను తెగదు, గొడవ ఉండదు. గేటు గార్డు సరిగ్గా ఆ క్షణంలో ఆకాశం వైపు చూస్తాడు. ఏళ్ళ తరబడి చూస్తున్నాడు, అక్కడేం కనిపిస్తోందో పాపం.

నియమాలు కమిటీ గదిలో తయారవుతాయని పిల్లల పుస్తకాల్లో రాస్తారు. పిల్లలు కాబట్టి నమ్ముతారు. అసలు వంటంతా హోటలు గదుల్లోనూ, విందుల్లోనూ, పదవీ విరమణ చేసిన అధికారులకు కంపెనీలు వేసే సలహాదారు కుర్చీల్లోనూ ముందే అయిపోతుంది. హాల్లో జరిగేది వడ్డన మాత్రమే. వడ్డన వేళకు చుట్టూ జనం నిండుగా కనిపించాలి, ఆ జనం తలలూపాలి. దానికీ మనుషులున్నారు, దానికీ కాంట్రాక్టులున్నాయి.

ముందాయన ఒకప్పుడు సోడా కంపెనీలో సీసాలకు మూతలు బిగించే మిషను దగ్గర పనిచేశాడు. ఆ కంపెనీ మూతపడ్డాక కొన్నాళ్ళు కాళ్ళరిగేలా తిరిగి చివరికి మేస్త్రీ కంట్లో పడ్డాడు. మేస్త్రీ అంటే ఇళ్ళు కట్టే మేస్త్రీ కాదు, లైన్లకు మనుషుల్ని సరఫరా చేసే మేస్త్రీ. నిలబడటం కూడా ఒక విద్యే అని ముందాయనకు అప్పుడు తెలిసింది. ఒక కాలి మీద బరువు వేసి రెండో కాలికి విశ్రాంతి ఇవ్వాలి. నీళ్ళు గొంతు తడిసేంత మాత్రమే తాగాలి. కాసేపు పక్కకు వెళ్ళాల్సి వస్తే వెనకవాడి భుజం తట్టి వెళ్ళాలి, తట్టకుండా వెళ్తే చోటు పోయినట్టే.

వీటన్నిటికన్నా పెద్ద కట్టుబాటు ఇంకొకటుంది. లోపల దేనిమీద చర్చో అడగకూడదు. మేస్త్రీని అడిగినా లాభం లేదు, అతనికీ తెలియదు. ఏదో ఆఫీసు నుంచి ఫోన్ వస్తుంది, ఆ ఆఫీసుకు ఇంకేదో ఆఫీసు చెబుతుంది. ముందాయనకు ఇదంతా ఎంతో మర్యాదగా కనిపించేది. కొత్తగా చేరినవాళ్ళెవరైనా "ఇవాళ దేనిగురించి అన్నా?" అని అడిగితే కసిరేవాడు. నోట్లో నాలుక లేని మనిషని పేరు తెచ్చుకున్నాడు, అది మెప్పే అనుకున్నాడు.

ఇక ఇల్లు. రెండు గదులు, ఒక పంపు, వీధిలోకి తెరుచుకునే ఒక కిటికీ. భార్య పోయి చాలా కాలమైంది. ఒక్కతే కూతురు, ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని చొక్కాలకు కాలర్లు కుడుతుంది. అల్లుడు దూరాలు తిరిగే లారీ మీద డ్రైవరు, ఇంటికి చుట్టంలా వచ్చిపోతుంటాడు. వాళ్ళకొక పాప, చిట్టి. నాలుగో ఏడు నడుస్తోంది.

వీధి చివర గోడ అవతల బ్యాటరీ కొలిమి ఉంది. పాత బ్యాటరీలు పగలగొట్టి, లోపలి సీసం కరిగించి దిమ్మలు పోస్తారు. దాని పొగ సంగతి మొదట కనిపెట్టింది డాక్టర్లు కాదు, వీధిలో ఇస్త్రీ బండి నడిపే ఆవిడ. అందరూ ఇస్త్రీ అక్క అంటారు. తెల్ల చొక్కా మడతపెట్టి బల్ల మీద పెడితే, మధ్యాహ్నానికి మడత పైభాగం బూడిదరంగుకు తిరుగుతోందని ఆవిడ ఇంటింటికీ తిరిగి చూపించింది. ఎవరూ చెవిన వేసుకోలేదు. ఆ బూడిదే కిటికీ చెక్క మీద, గిన్నెల మీద, పిల్లల వేళ్ళ మీద పడింది. సీసం బూడిద కాస్త తియ్యగా ఉంటుందట. చిట్టి కిటికీ చెక్కను నాకడం చూసి ఇంట్లోవాళ్ళు మొదట్లో నవ్వుకున్నారు.

తర్వాత నవ్వు ఆగిపోయింది. రెండేళ్ళకే గలగలా మాట్లాడిన పిల్ల మాటలు ఒక్కొక్కటే మర్చిపోసాగింది. కడుపు పట్టుకుని మెలికలు తిరిగేది. పిలిస్తే ఒకోసారి పలికేది, ఒకోసారి గోడకేసి చూస్తూ ఉండిపోయేది. పెద్దాసుపత్రి డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించి, ఒంట్లో సీసం చేరిందని చెప్పింది. "మందులిస్తానమ్మా, కానీ ఈ పిల్ల మళ్ళీ అదే గాలిలోకి వెళ్తే ఏ మందూ నిలవదు. మీరైనా అక్కణ్ణించి కదలాలి, ఆ కొలిమైనా కదలాలి" అంది. వాళ్ళు కదలడమంటే మాటలు కాదు. రాత్రీ పగలూ కుట్టినా వేరే చోట అద్దె కట్టే స్తోమత లేదు. కాబట్టి కొలిమి కదలాలి.

అది కదిలే ఆశ కూడా ఒకటి పుట్టింది. ఇళ్ళ మధ్య ఉన్న కొలిములన్నీ ఏడాదిలోగా ఊరి బయటికి వెళ్ళిపోవాలని ప్రభుత్వం ఒక నియమం రాయబోతోందని, దానిమీద జనం మాట వింటారని తెలిసింది. సభ వీధి పక్కనే ఉన్న బడి ఆవరణలో అన్నారు. కూతురు కాలర్లు కుడుతూనే ఏం మాట్లాడాలో వల్లె వేసుకుంది. ముందాయన ఎదురుగా పీట మీద కూర్చుని కమిటీ అధ్యక్షుడిలా మొహం పెట్టి వినేవాడు.

"నాన్నా, సగంలో గొంతు పట్టేస్తోంది. అక్కడ ఏడ్చేస్తానేమో."

"ఏడవకు తల్లీ. ఏడిస్తే నీళ్ళ గ్లాసిచ్చి కూర్చోబెడతారు. ఏడుపు ఇక్కడే కానిచ్చేసి వెళ్ళు."

"నువ్వూ వస్తావుగా?"

"రాకుండా ఎలా? నీకన్నా ముందు నేనుంటాను."

ఆ మాట ఎంత దారుణంగా నిజమైందో చెప్పాలంటే నాకే నోరు రావడం లేదు. కానీ చెప్పాలి.

సభకు ఇంకా రోజులున్నాయనుకుంటుండగా మేస్త్రీ ఫోన్ చేశాడు. రేపు పెద్ద లైను, మనవాళ్ళందరూ కావాలి, పెద్దాయనా, నువ్వు ముందుండాలి అన్నాడు. ముందాయన ఎప్పటిలాగే సరేనన్నాడు. కూతురు లేవకముందే చీకట్లోనే బయల్దేరి గేటు ముందు నిలబడ్డాడు. వెనక ఎప్పుడూ తన తర్వాత నిలబడే పొడుగాయన, ఆ వెనక మిగతా మేస్త్రీ మనుషులు, గోడ మలుపు దాకా అందరూ వాళ్ళే. మామూలుకన్నా ఎక్కువమందే ఉన్నారు. ఎవరూ ఎందుకని అడగలేదు.

బాగా తెల్లారాక వీధి మలుపులో ఆడవాళ్ళ గొంతులు వినిపించాయి. ముందాయన తల తిప్పి చూశాడు. అందరికన్నా ముందు ఇస్త్రీ అక్క, ఆవిడ వెనక ఆ వీధివాళ్ళు, వాళ్ళ మధ్యలో చిట్టిని చంకనేసుకుని ఆయన కూతురు. అందరూ పరుగులాంటి నడకతో వచ్చి లైను చివర చేరారు.

ముందాయన వెనకనున్న పొడుగాయన భుజం తట్టి, లైను చివరికి నడిచాడు.

"ఏంటమ్మా ఇలా వచ్చారు?"

"సభ ఇక్కడికి మార్చేశారు నాన్నా. ఇవాళేనంట. బడి దగ్గర భద్రత సరిపోదని వార్డు ఆఫీసు గోడకి కాగితం అంటించిపోయారు. అక్క పొద్దున్న బట్టలివ్వడానికి వెళ్ళి చూసింది కాబట్టి సరిపోయింది. నువ్వు ఫోన్ ఎత్తలేదు. ఎవరు చెప్పారు నీకు?"

ఆయనకు ఎవరూ చెప్పలేదు. లైన్లో ఉన్నప్పుడు ఫోన్ ఎత్తకపోవడం కూడా ఆయన పెట్టుకున్న కట్టుబాటే. కూతురు ఆయన వచ్చిన వైపు చూసింది. గేటు దాకా బారుగా ఉన్న మగవాళ్ళను చూసింది. వాళ్ళలో సగంమంది ఎప్పుడో ఒకప్పుడు తమ ఇంటికి వచ్చి మంచినీళ్ళు తాగినవాళ్ళే. ఆమెకు అర్థమవడం ఆమె మొహంలోనే కనిపించింది.

"వీళ్ళందరూ మీవాళ్ళేనా?" అని మెల్లగా అడిగింది. "కొలిమి వాళ్ళ కోసమా నాన్నా?"

"నాకు తెలియదమ్మా. మేం అడగం."

ఇస్త్రీ అక్క అంతా వింది. "లోపల కుర్చీలెన్ని బాబాయ్?" అంది. ఆయన చెప్పక్కర్లేదు, కుర్చీలు లైను మధ్యలోనే అయిపోతాయని ఆవిడకు చూడగానే తెలిసిపోయింది.

ముందాయన వెనక్కి వచ్చి తన చోట నిలబడ్డాడు. ఇన్నేళ్ళలో ఎన్ని లైన్లు, ఎన్ని సభలు. తను ఎడమవైపుకు తప్పుకున్న ప్రతిసారీ గోడ మలుపు దగ్గర ఇలాంటి ఆడవాళ్ళు ఎంతమంది వెనక్కి తిరిగి వెళ్ళిపోయారో. ఆయన ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు.

"ఒరేయ్, నీ చోటు ఆ ఇస్త్రీ ఆవిడకి ఇవ్వరా. నా మనవరాలి ప్రాణం మీదికొచ్చిందిరా" అని పొడుగాయన్ని బతిమాలాడు.

పొడుగాయన చెడ్డవాడు కాదు. కళ్ళు దించుకున్నాడు. "అన్నా, నిన్న మా పొయ్యిలో పిల్లి లేవలేదు. ఇవాళ చోటు ఇచ్చేస్తే రేపణ్ణించి మేస్త్రీ నన్ను గేటు ఛాయలకి రానివ్వడు. నువ్వే చెప్పు, ఏం చెయ్యమంటావు?"

ముందాయనకు ఆ వెనకవాళ్ళను అడిగే ధైర్యం రాలేదు. గార్డు తాళాలు తీస్తున్నాడు, అవతల కార్లు ఆగుతున్నాయి. ఆయన చెయ్యెత్తి కూతుర్ని రమ్మన్నాడు. ఆమె కదల్లేదు. తనే వెళ్ళి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు.

"నీ పని పోతుంది నాన్నా."

"పోనీ."

చిట్టిని తను ఎత్తుకుని, కూతుర్ని కుడివైపు నుంచి లైన్లోకి జరిపి, తను ఎడమవైపుకు తప్పుకున్నాడు. మనిషికి మనిషి. ఏళ్ళుగా చేసిన పనే.

సరిగ్గా అప్పుడే ఆ చోటు అసలు ఎవరిదో ఆయన వచ్చాడు. బ్యాటరీ తయారీదార్ల సంఘం కార్యదర్శి. తెల్ల చొక్కా, సన్నటి కళ్ళజోడు, ఎవర్నీ నొప్పించని గొంతు. తన చోట ఒక ఆడమనిషి నిలబడి ఉండటం చూశాడు. పక్కనే పాపను ఎత్తుకున్న ముందాయనను చూశాడు. మేస్త్రీ దూరం నుంచి కళ్ళు ఉరిమి చూస్తూ పరుగెత్తుకొస్తుంటే, కార్యదర్శి చెయ్యెత్తి ఆపాడు. "పర్వాలేదు, అమ్మాయిని ముందు వెళ్ళనివ్వండి" అని నవ్వి, పొడుగాయన చోట దూరాడు. గొడవ జరుగుతుందని ప్రాణం ఉగ్గబట్టుకున్న ముందాయనకు ఆ మర్యాద చూసి కళ్ళు చెమర్చాయి. ఎంత పెద్దమనిషి అనుకున్నాడు.

కుర్చీలు నిండాయి, తలుపు మూసేశారు. కూతురు తప్ప వీధివాళ్ళు ఒక్కరు కూడా లోపలికి వెళ్ళలేకపోయారు. చోటు దొరకనివాళ్ళ కోసం ప్రహరీ లోపల చెట్టు కింద ఒక టీవీ పెట్టారు. ఇస్త్రీ అక్క, వీధివాళ్ళు, చిట్టిని భుజాన వేసుకున్న ముందాయన దాని ముందు నిలబడ్డారు. లైన్లో మొదట వచ్చినవాళ్ళే మొదట మాట్లాడాలి కదా అని కూతురి కోసం చూశారు. నిపుణులు ముందు, తర్వాత మిగతావాళ్ళు అని అధ్యక్షుడు కొత్తగా ఒక మాట చెప్పాడు. నిపుణులందరూ కారు దిగినవాళ్ళే.

కార్యదర్శి లేచాడు. గొంతులో తొందర లేదు. కొలిములు కదిలితే ఎంతమంది వీధిన పడతారో చెప్పాడు. కొత్తగా పెట్టబోయే కొలిములు ఊరి బయట పెట్టుకుంటాం, ఉన్నవాటిని మాత్రం ఉండనివ్వండి అన్నాడు. "ఇది మా సంఘం మాట కాదండీ. పేదవాళ్ళ మాట. వాళ్ళు చీకట్లో లేచి వచ్చి, ఈ పరిశ్రమ మాకు కావాలని చలిలో నిలబడ్డారు. మీరే చూడండి" అంటూ తెర మీద ఒక ఫోటో వేయించాడు.

గేటు ముందు లైను. అప్పుడప్పుడే వెలుగు వస్తోంది. అందరికన్నా ముందు, చేతులు కట్టుకుని, గడ్డం పైకెత్తి, ముందాయన.

టీవీ చుట్టూ ఉన్నవాళ్ళు తెరనూ ఆయననూ మార్చి మార్చి చూశారు. ఇస్త్రీ అక్క పక్కకు రెండడుగులు జరిగి నిలబడింది. ముందాయనకు తల తీసేసినట్టయింది. చిట్టి తెర వైపు వేలు చూపించి నోరు తెరిచింది, మాట రాలేదు.

చాలాసేపటికి కూతురి వంతు వచ్చింది. ఆమె ఏడవలేదు. గొంతు పట్టేసిన చోట ఆగి, మింగి, మళ్ళీ మొదలుపెట్టింది. కిటికీ చెక్క గురించి చెప్పింది. పాపకు రెండేళ్ళప్పుడు వచ్చిన మాటలు ఇప్పుడు ఏమేం పోయాయో ఒక్కొక్కటే చెప్పింది. అమ్మ అనే మాట ఇంకా ఉందనీ, అది పోయేలోగా నియమం రాయమనీ అంది. కమిటీలో చివర కూర్చున్న ఒక సభ్యురాలు కలం కింద పెట్టేసి వింటోంది. అప్పుడు కూతురు తెర వైపు చెయ్యి చాపింది.

"ఆ ఫోటోలో ముందున్నది మా నాన్నండీ. ఆయన కొలిమి కావాలని రాలేదు. కూలికి నిలబడ్డాడు. ఆ లైన్లో ఉన్నవాళ్ళందరూ కూలికి నిలబడ్డవాళ్ళే."

హాల్లో కలకలం రేగింది. చెట్టు కింద ఇస్త్రీ అక్క "అదీ" అంది. సభ్యురాలు అధ్యక్షుడి వైపు తిరిగి, ఆయన బయటే ఉంటే పిలిపించండి, విందాం అని పట్టుబట్టింది. అధ్యక్షుడు ఇష్టం లేకపోయినా తలూపాడు. గార్డు వచ్చి ముందాయనను లోపలికి రమ్మన్నాడు. ఇన్నేళ్ళుగా ఆ గేటు ముందు నిలబడ్డ మనిషి లోపల అడుగుపెట్టడం అదే మొదలు.

వెళ్తూ వెళ్తూ ఆయన మనసు తేలికపడింది. ఇక దాచేదేముంది, ఉన్నదున్నట్టు చెప్పేస్తాను, నా పిల్ల గెలుస్తుంది అనుకున్నాడు. చిట్టిని భుజం మీదే ఉంచుకుని మైకు ముందు నిలబడ్డాడు. కూతురు ఆయన్ని చూసి చిన్నగా తలూపింది.

"మీరు పొద్దున్న లైన్లో ఎందుకు నిలబడ్డారు?" సభ్యురాలు మెత్తగా అడిగింది.

"అది నా పనమ్మా. వేరేవాళ్ళ కోసం చోటు పట్టి ఉంచుతాను. కూలిస్తారు."

"ఇవాళ ఎవరి కోసం పట్టారు?"

"మేస్త్రీ నిలబడమన్నాడు."

"మేస్త్రీకి ఎవరు చెప్పారు? ఏ కంపెనీ?"

"తెలియదమ్మా. మేం అడగం. ఎప్పుడూ అడగలేదు."

"ఈ కార్యదర్శిగారు కానీ, వీళ్ళ సంఘం వాళ్ళు కానీ మీతో మాట్లాడారా? డబ్బులిచ్చారా?"

"లేదమ్మా."

సభ్యురాలి మొహం వాడిపోయింది. ఇన్నాళ్ళూ ఏ కట్టుబాటు చూసి మురిసిపోయాడో అది ఇప్పుడు ఆయన గొంతు మీదికి వచ్చి కూర్చుంది. అప్పుడు కార్యదర్శి మర్యాదగా చెయ్యెత్తాడు.

"ఒక్క ప్రశ్న అడగనివ్వండి. పెద్దాయనా, మీరు పట్టి ఉంచిన చోటు చివరికి ఎవరికిచ్చారు?"

ముందాయన కూతురి వైపు చూశాడు. అబద్ధం చెప్పడం కూడా ఆయనకు చేతకాదు. "మా అమ్మాయికి."

"నేనూ చూశానండీ. పాపం, వెనక నుంచి తీసుకొచ్చి మరీ నిలబెట్టారు. అడ్డుచెప్పడం ఎందుకని నేనే ఊరుకున్నాను. గార్డుగారు కూడా చూశారు." కార్యదర్శి అధ్యక్షుడి వైపు తిరిగాడు. "కూలికి లైన్లో నిలబడే వృత్తి వాళ్ళ కుటుంబానిదేనని ఆయనే చెబుతున్నారు. చోటు మార్చుకున్నది కూడా వాళ్ళే. ఇందులో మా సంఘం పేరెలా వచ్చిందో నాకర్థం కావడం లేదు."

గార్డును పిలిచారు. ఈ అమ్మాయి చోటు మారడం చూశావా అంటే చూశానన్నాడు. ఇంకెవరైనా మారారా అంటే, "నేను చూడలేదండి" అన్నాడు. అది నిజమే, ఆకాశం వైపు చూస్తున్నాడు కదా.

అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. లైన్లో చోటు మార్చుకోవడం నియమాలకు విరుద్ధం కాబట్టి ఆ అమ్మాయి చెప్పినదాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదని, రికార్డులోంచి తొలగిస్తున్నామని ప్రకటించాడు. సభ్యురాలు ఏదో అనబోయింది, తర్వాతివాళ్ళను పిలిచేశారు. చిట్టి కిటికీ చెక్క, పోయిన మాటలు, ఇంకా మిగిలి ఉన్న అమ్మ అనే మాట, ఏవీ ఆ గదిలో ఎవరూ అననట్టే, ఎవరూ విననట్టే అయిపోయాయి.

ముందాయన మైకు పట్టుకుని వదల్లేదు. "బాబూ, తప్పు నాది. నన్ను జైల్లో పెట్టండి. పిల్ల చెప్పింది మాత్రం తీసెయ్యకండి. అది నిజం బాబూ, ఇదిగో పాప ఇక్కడే ఉంది, చూడండి" అని ప్రాధేయపడ్డాడు. మైకు అప్పటికే ఆపేశారు. ఆయన పెదవులు కదలడం తప్ప బయట చెట్టు కింద ఎవరికీ ఏమీ వినపడలేదు.

సాయంత్రానికి తేలిపోయింది. కొత్త కొలిములు ఊరి బయట, పాతవి ఉన్నచోటే. ప్రజలు పెద్ద సంఖ్యలో ముందుకు వచ్చి మద్దతు తెలిపారని కూడా అన్నారు.

ఇంటికి నడిచి వెళ్ళారు. వీధివాళ్ళు ముందు, వీళ్ళు వెనక. ఇస్త్రీ అక్క ఒక్కసారి ఆగి, ముందాయన మొహంలోకి చూసి, ఏమీ అనకుండా నడిచింది. తిట్టి ఉంటే బాగుండేదని ఆయనకు అనిపించింది. చిట్టి భుజం మీద నిద్రపోయింది.

"తల్లీ, నేను నిజమే చెప్పాను."

"నాకు తెలుసు నాన్నా."

"ఇంకేం చెప్పాలో తెలియలేదు."

"నాకూ తెలియలేదు" అంది కూతురు. ఆమె గొంతులో కోపం లేదు. కోపానికి కూడా కాస్త ఆశ ఉండాలి కదా.

ఇల్లు చేరేసరికి గోడ అవతల కొలిమి రాజేశారు. కూతురు కిటికీ మూసి, పాపను మంచం మీద పడుకోబెట్టి, మిషను ముందు కూర్చుంది. కాలర్లు మర్నాటికి ఇచ్చెయ్యాలి. సూదిలోకి దారం ఎక్కిస్తోంది, ఎక్కడం లేదు. అప్పుడు ముందాయన ఫోన్ మోగింది. మేస్త్రీ. పని పోయిందని చెప్పడానికే అనుకుని ఆయన గడప దగ్గరికి వెళ్ళి ఎత్తాడు.

"పెద్దాయనా, భయపడకు. నేను కూడా పొద్దున్న నీ మీద మండిపడ్డానుగానీ, పైవాళ్ళు చాలా సంతోషంగా ఉన్నారు. మీ మనిషి భలే చెప్పాడు, అంత నమ్మకంగా మా వకీలు కూడా చెప్పలేడు అన్నారంట. వచ్చే వారం ఇంకో లైనుంది, నువ్వే ముందుండాలని అడిగి మరీ చెప్పారు. వస్తావుగా?"

ముందాయన ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని ఉండిపోయాడు. అవతల మేస్త్రీ హలో హలో అని పెట్టేశాడు.

"ఎవరు నాన్నా?"

"మేస్త్రీ."

"ఏమంటాడు?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. ఆ విద్య ఆయనకు రాదు.

"బాగా చెప్పానంట తల్లీ. వచ్చే వారం కూడా రమ్మన్నారంట."

కూతురు సూది వదిలేసింది. లేచి వెళ్ళి మంచం మీద పాప పక్కన పడుకుని, దాని వీపులో మొహం దాచుకుంది. పొద్దున్నుంచి ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది.